ఆఫీసులో సెక్యూరిటీ అన్నలు, హౌస్‌కీపింగ్ అక్కలతో స్నేహంగా ఉండాలంటే

బెంగళూరులో పెద్ద టెక్ పార్క్‌లో ఉద్యోగం అంటే మీ టీమ్‌లో పదిమందే ఉండొచ్చు గానీ, మీ రోజు సాఫీగా గడవడానికి పనిచేసేవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు. గేటు దగ్గర సెక్యూరిటీ, రిసెప్షన్, హౌస్‌కీపింగ్, ప్యాంట్రీ, కెఫెటీరియా కౌంటర్లు, క్యాబ్ డ్రైవర్లు, ఏసీ, కరెంటు చూసే టెక్నీషియన్లు, బేస్‌మెంట్‌లో పార్కింగ్ అన్నలు, ఎవరి కంటా పడని ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఆపరేటర్. వీళ్లతో ఎలా ఉండాలి అని కొత్తగా చేరిన పిల్లలు అడిగితే అందరూ చెప్పేది ఒకటే, నవ్వుతూ పలకరించండి అని. పలకరించండి, తప్పేం లేదు, కానీ అంతటితో అయిపోదు. అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది: మీరు మంచితనం చూపించబోయి వాళ్లు మాట పడేలా చేయకూడదు.

ముందు వాళ్లు ఎవరి మనుషులో తెలుసుకోండి. మెడలో ట్యాగ్ రంగు చూస్తేనే అర్థమవుతుంది, మీ కంపెనీ ఉద్యోగులు కారు. మీ కంపెనీ కాపలా, శుభ్రత లాంటి పనులు చూసే ఒక ఫెసిలిటీస్ సంస్థకి కాంట్రాక్ట్ ఇస్తుంది, ఆ సంస్థ జీతం ఇస్తుంది, సెలవు కూడా దాన్నే అడగాలి, తిట్టేది కూడా దాని సూపర్‌వైజరే. మీ మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే మీ మేనేజర్ పిలిచి మాట్లాడతాడు, మీ వాదన వింటాడు. వాళ్ల మీద ఫ్లోర్ నుంచి ఒక్క మెయిల్ వెళ్తే సైటు మార్చేస్తారు, అంతే. కుందలహళ్లిలో గది తీసుకుని, పిల్లల్ని అక్కడే బడిలో వేసిన మనిషిని రేపట్నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లమంటే ఆ ఇంట్లో ఎన్ని లెక్కలు తారుమారవుతాయో ఆలోచించండి. అందుకే మీరు సరదాగా చేసే పని వాళ్లకి ఎంత ఖరీదవుతుందో ముందే చూసుకోవాలి అంటున్నాను.

ఉదాహరణకి, మాట్లాడే వేళ. చాలా సైట్లలో సెక్యూరిటీ డ్యూటీ పన్నెండు గంటలు, ఎనిమిది నుంచి ఎనిమిది. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా జనం తోసుకొస్తుంటారు, బ్యాగులు స్కానర్‌లో పడుతుంటాయి, ఆ టైమ్‌లో మీరు గేటు దగ్గర నిలబడి 'ఏం అన్నా, ఇంటికెళ్లొచ్చారా, అమ్మకి ఎలా ఉంది' అని మొదలుపెడితే ఆయన ఒక కన్ను మీ మీద, ఒక కన్ను సూపర్‌వైజర్ మీద పెట్టి జవాబిస్తాడు. డ్యూటీ మారే వేళ కూడా వద్దు, రిజిస్టర్ అప్పగించాలి, రిలీవర్ రాకపోతే ఆయనే ఇంకో డ్యూటీ లాగాలి, ఆ టెన్షన్‌లో ఉంటాడు. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు పాయింట్ ఖాళీగా ఉంటుంది, రెండు మాటలు మాట్లాడటానికి అదే మంచి టైమ్. హౌస్‌కీపింగ్ వాళ్లకి బాత్రూమ్ తలుపు వెనక ఒక చెక్‌లిస్ట్ వేలాడుతుంటుంది చూడండి, గంటకోసారి సంతకం పెట్టాలి. మీరు పావుగంట కబుర్లు చెబితే ఆ గంట సంతకం ఆలస్యమవుతుంది. రెండు నిమిషాలు చాలు, రోజూ రెండు నిమిషాలు. నెల తిరిగేసరికి అవతలి మనిషే మీకోసం ఆగి పలకరిస్తుంది.

పేరు అడగండి. బ్యాడ్జి మీద ఉన్న పేరుతో పిలిచేసి తెలుసుకున్నాం అనుకోకండి, ఆ బ్యాడ్జి కొన్నిసార్లు మానేసి వెళ్లిపోయిన మనిషిది కూడా అయి ఉంటుంది. మన భాషలో పిలుపు చాలా పని చేస్తుంది కాబట్టి అన్నా, అక్కా, పెద్దావిడైతే అమ్మా, అన్నిటికీ మించి మీరు. ఇరవై నాలుగేళ్ల ట్రైనీ యాభై ఏళ్ల ఆవిడని 'నువ్వు ఇక్కడ తుడువు' అనడం ఈ ఊళ్లో రోజూ వినపడుతుంది, ఇంట్లో మేనత్తతో అలా మాట్లాడతాడా? హిందీలో అయితే తుమ్ కాదు, ఆప్. కన్నడలో బా, కొడు అనకుండా బన్ని, కొడి అనండి. మనవాళ్లలో చాలామందికి పదేళ్లుగా ఇక్కడే ఉన్నా ఈ తేడా పట్టదు, ఏకవచనంలో కన్నడ మాట్లాడి 'మాకు కన్నడ వచ్చు' అనుకుంటారు. 'ఊట ఆయ్తా' ఒక్కటి నేర్చుకున్నా మధ్యాహ్నం రెండింటికి ఏ అక్కనైనా పలకరించేయొచ్చు.

ఇక తెలుగు సంగతి. బెంగళూరులో తెలుగు ఎవరికీ తెలియదని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారంటే నాకు నవ్వొస్తుంది. కోలారు, ముళబాగిలు, బాగేపల్లి, చింతామణి, పావగడ వైపు నుంచి వచ్చినవాళ్లకి మీకంటే మంచి తెలుగు వచ్చి ఉండొచ్చు, ఇక హిందూపురం, మదనపల్లి, కుప్పం నుంచి వచ్చినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. లిఫ్ట్‌లో మాప్ బకెట్ పట్టుకుని నిలబడిన అక్క ముందు 'వీళ్లు పొద్దున్నుంచీ ఏం చేస్తార్రా' అని తెలుగులో అంటే ఆవిడ మొహం కదలదు, కానీ విన్నది. అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. తెలుగు వచ్చిన అక్క దొరకగానే మనం ఆవిడతోనే అల్లుకుపోయి, పక్కనే ఉన్న అస్సాం గార్డుని, ఒడిశా నుంచి వచ్చిన ప్యాంట్రీ కుర్రాణ్ని గోడలా దాటి వెళ్లిపోతాం. వాళ్లకి ఇది కనిపిస్తుంది. ఇంటికి అందరికంటే దూరంగా ఉన్నవాళ్లు వాళ్లే, రైల్లో ఒకటి నుంచి మూడు రోజుల ప్రయాణం, పలకరింపు వాళ్లకే ఎక్కువ అవసరం.

ఏం మాట్లాడాలి? ఊరు, పిల్లల చదువు, వానలు, బస్సు. బస్సు మంచి టాపిక్, నిజంగా. 2023 జూన్ నుంచి కర్ణాటకలో శక్తి పథకం కింద ఆడవాళ్లకి మామూలు బస్సుల్లో టికెట్‌కి డబ్బు లేదు, కానీ కర్ణాటక అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఆధార్‌లో ఇంకా ఊరి అడ్రస్సే ఉన్న మన వైపు అక్కలు రోజూ డబ్బులిచ్చి ఎక్కుతుంటారు, అడ్రస్ మార్చుకోవడం గురించి ఒక మాట చెబితే నెలకి కొంత మిగులుతుంది (ఊళ్లో రేషన్ కార్డు, ఓటు లెక్కలు వాళ్లకుంటాయి, మార్చుకోవాలో లేదో వాళ్లిష్టం). ఊరు అడగండి గానీ ఇంటిపేరు తవ్వకండి. ఊరు, తాలూకా, ఇంటిపేరు, చివరికి 'అంటే మీరు ఏమిట్లు' అని కులం అడిగే చోటికి సాగే ఆ వరస మనవాళ్లలో ఎంత మామూలో అందరికీ తెలుసు. ఆఫీసు లాబీలో అది మొదలుపెట్టొద్దు. జీతం ఎంత అని కూడా అడగొద్దు, వాళ్లే చెబితే వినండి.

మాటల కన్నా ముందు వాళ్ల పనిని పెంచకుండా ఉండటం నేర్చుకోవాలి. ప్యాంట్రీ సింకులో టిఫిన్ డబ్బా కడిగేటప్పుడు కరివేపాకు, అన్నం మెతుకులు, చింతపండు పిప్పి అందులోనే వదిలేసి వెళ్తారు, ఆ జాలీలో చేయి పెట్టి తీసేది ఎవరు? డబ్బాలోది ముందు తడి చెత్త డబ్బాలో దులిపి తర్వాత కడగండి. ఇక్కడ తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలి, మీరు కలిపేస్తే కింద షెడ్డులో కూర్చుని చేత్తో విడదీస్తారు. కాఫీ ఒలికితే చెప్పండి, చెప్పడానికి సిగ్గుపడి టిష్యూ కప్పేసి వెళ్లిపోకండి, కార్పెట్ మీద మరక ఎండిపోతే వదలదు, మాట పడేది ఆ ఫ్లోర్ అక్క. తడి నేల మీద 'ఒక్క నిమిషం అక్కా' అంటూ షూలతో నడిచేవాళ్లకి నేనేం చెప్పను.

సెక్యూరిటీతో స్నేహానికి ఒక షరతు ఉంది, ఆయన్ని రూల్ తప్పమని అడగకూడదు. కార్డు మర్చిపోయారు, రోజూ చూసే మొహమే, 'అన్నా వదిలేయ్' అంటారు. కెమెరా చూస్తూ ఉంటుంది. రేపు ఏదైనా జరిగితే లాగ్‌లో మీ ఎంట్రీ ఉండదు, ఆయన ఉద్యోగం ఉండదు. టెంపరరీ కార్డు రాయించుకోండి, అయిదు నిమిషాలు పడుతుంది. బ్యాగు తెరవమంటే విసుక్కోకుండా తెరవండి. మీ వెనక ఎవరైనా మీ కార్డు మీదే లోపలికి దూరబోతే మీరే ఆపండి, ఆ పని ఆయన చేస్తే గొడవ అవుతుంది, మీరు చేస్తే మామూలు మాట.

ఇవ్వడం, పుచ్చుకోవడం. ఇక్కడే మంచివాళ్లు ఎక్కువగా పొరపాటు పడతారు. పాత ఫోనో, పిల్లాడికి చిన్నదైన షూసో, ఊరి నుంచి తెచ్చిన పూతరేకులో ఫ్లోర్ మీదే చేతిలో పెట్టేస్తారు. సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు వాళ్ల బ్యాగు తనిఖీ చేస్తారు. కొత్త వస్తువు కనిపిస్తే 'ఇది ఎక్కడిది' అని ప్రశ్న వస్తుంది, పక్కన పదిమంది చూస్తుండగా. కాబట్టి ఏదైనా వస్తువు ఇస్తే ఫెసిలిటీస్ డెస్క్‌లో చెప్పి నాన్ రిటర్నబుల్ గేట్ పాస్ (వస్తువు తిరిగి లోపలికి రాదని రాసే చీటీ) రాయించండి, లేదా మీ పేరు, ఎంప్లాయీ నంబర్, వస్తువు పేరు రాసి సంతకం పెట్టిన చీటీ ఇవ్వండి, ఏది చెల్లుతుందో ముందు గేటు దగ్గర కనుక్కోండి. అన్నిటికంటే సులువు గేటు బయట ఇవ్వడం. టీమ్ పార్టీలో మిగిలిన బిర్యానీ, కేకు విషయమూ అంతే. కొన్ని కంపెనీల్లో మిగిలింది స్టాఫ్ తినకూడదని రూల్ ఉంటుంది, కొన్నిచోట్ల సూపర్‌వైజర్ ద్వారా పంచుతారు. అడిగి ఇవ్వండి, అదీ తినేవేళకి, ప్లేట్లో పెట్టి. అందరూ కెలికి వదిలేసిన ట్రే చూపించి 'తీసుకెళ్లండి అక్కా' అనడం ఇవ్వడం కాదు, టేబుల్ ఖాళీ చేయించుకోవడం.

పండగ చందాలు. దీపావళికి ప్రతి టీమూ తలా ఒక సోన్ పాపిడీ డబ్బా ఇస్తుంది, ఒక్కో అక్క చేతిలో నాలుగు డబ్బాలు. డబ్బే మేలు, కవరులో, అందరికీ ఒకే మొత్తం. లిస్టు తయారు చేసేటప్పుడు పగలు కనిపించేవాళ్లతో ఆగిపోకండి. నైట్ షిఫ్ట్ గార్డులు, జనరేటర్ చూసే అన్న, ఎస్టీపీ, చెత్త షెడ్డు వాళ్లు, ఆ వారం వీక్లీ ఆఫ్‌లో ఉన్నవాళ్లు, వీళ్ల పేర్లు ఫెసిలిటీస్ మేనేజర్ దగ్గర తీసుకోండి. ఊరెళ్లేవాళ్లు వారం ముందే బస్సెక్కుతారు కాబట్టి అంతకుముందే ఇచ్చేయాలి. డబ్బు ఇవ్వొచ్చా లేదా అనేది కూడా ఆ మేనేజర్‌నే అడగండి. ఇక ఈ ఊళ్లో దీపావళి కంటే పెద్దది ఆయుధ పూజ. క్యాబ్ డ్రైవర్లు బండి కడిగి, అరటి పిలకలు కట్టి, బంతిపూల దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ పగలగొడతారు, కడ్లేపురి (మరమరాలు) పంచుతారు. ఆ రోజు మీ క్యాబ్ డ్రైవర్ బండి దగ్గరికి వెళ్లి రెండు నిమిషాలు నిలబడి ప్రసాదం తీసుకోండి, మీ వంతు దక్షిణ పళ్లెంలో వేయండి, అంతకంటే మంచి పరిచయం ఏ పార్టీలోనూ కాదు. ఫ్లోర్ మీద పూజ చేస్తే అలంకరించేదీ వాళ్లే, తర్వాత ఊడ్చేదీ వాళ్లే. కనీసం గ్రూప్ ఫోటోలో పిలిచి పక్కన నిలబెట్టుకోండి, మూలన కాదు.

అప్పు అడిగితే? అడుగుతారు, ముఖ్యంగా జూన్‌లో బడులు తెరిచేటప్పుడు. ఇవ్వాలా వద్దా అనేది మీ ఇష్టం, నేనైతే తిరిగి రాకపోయినా బాధ లేనంతే ఇవ్వమంటాను, ఇచ్చాక ఆ మాట ఎత్తొద్దంటాను. వెయ్యి రూపాయలు బాకీ ఉన్న మనిషి మిమ్మల్ని చూసి పక్క కారిడార్‌లోంచి వెళ్లిపోవడం మొదలుపెడితే డబ్బూ పోయింది, పలకరింపూ పోయింది. ఇవ్వలేకపోతే 'నా దగ్గర కుదరదు అన్నా' అని ఒక్క మాటలో చెప్పేయండి, వచ్చే వారం చూద్దాం అని తిప్పకండి.

డబ్బు కంటే ఎక్కువ పనికొచ్చేది ఒకటి మనలో ప్రతివాడి చేతిలో ఉంది, జీతం చీటీ చదవడం వచ్చు మనకి. చాలామందికి పీఎఫ్ కోత పడుతుందని తెలుసు, ఆ డబ్బు ఎక్కడ ఉందో తెలియదు. బ్రేక్‌లో కూర్చుని, వాళ్ల ఫోన్‌లోనే, చూపించండి. యూఏఎన్ అంటే పన్నెండు అంకెల పీఎఫ్ నంబరు, కంపెనీ మారినా అదే ఉండాలి. కాంట్రాక్ట్ కొత్త వెండర్‌కి, అంటే ఇంకో ఫెసిలిటీస్ సంస్థకి వెళ్లినప్పుడు యూనిఫామ్ రంగు మారి మనుషులు చాలావరకు వాళ్లే ఉంటారు. ఆ సమయంలో కొత్త యూఏఎన్ తీయకుండా పాతదే ఇవ్వమని చెప్పండి, లేకపోతే డబ్బు రెండు మూడు ఖాతాల్లో చెదిరిపోతుంది. వాళ్లు పని మానేసిన తేదీని పాత వెండర్ వేయకపోతే రెండు నెలలు ఆగి పీఎఫ్ పోర్టల్‌లో తామే వేసుకోవచ్చు. యూఏఎన్ యాక్టివేట్ అయి, కేవైసీ పూర్తయి ఉంటే, రిజిస్టరైన ఫోన్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజ్‌గా వస్తుంది. ఆ మెసేజ్ వస్తే ఆ రోజంతా ప్యాంట్రీలో అదే కబురు. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కూడా అంతే. 2017 నుంచి నెలకి 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్లు దాని కిందికి వస్తారు, ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 18,000 మీద 135 రూపాయలు. కోత పడుతుంటే కుటుంబానికి కూడా వైద్యం ఉంటుంది, రాజాజీనగర్‌లో, ఇందిరానగర్‌లో ఈఎస్ఐ ఆస్పత్రులున్నాయి. తెలియక ప్రైవేటు క్లినిక్‌లో అప్పు చేసి కట్టేవాళ్లు చాలామంది. ఒక్క జాగ్రత్త, పాస్‌వర్డ్ మీరు రాసుకోవద్దు, ఓటీపీ మీకు చెప్పనివ్వొద్దు, నంబర్లు నొక్కేది వాళ్ల వేలే కావాలి.

జీతం ఆలస్యమైందని చెబితే తేలిగ్గా తీసుకోకండి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న కంపెనీయే కట్టాలని 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం నుంచీ ఉన్న నియమం. అలాగని మీరు చట్టం పట్టుకుని మెయిల్ కొట్టి, అందులో 'ఫలానా అక్క చెప్పింది' అని రాస్తే ఆవిడ పని అయిపోయినట్టే. పేరు లేకుండా, ఫ్లోర్ చెప్పకుండా, 'హౌస్‌కీపింగ్ వాళ్లకి ఈ నెల జీతాలు పడలేదని తెలిసింది, చూడగలరా' అని ఫెసిలిటీస్‌కి గానీ హెచ్ఆర్‌కి గానీ చెప్పండి, అంతకుముందు ఆవిడని అడిగి చెప్పండి.

వస్తువు కనబడనప్పుడు తొందరపడొద్దు. ఇయర్‌బడ్స్ కనిపించలేదు, ఎదురుగా డెస్కు తుడిచే మనిషి ఉంది, మనసు అటే పోతుంది. ముందు బ్యాగు, కారు, ఇల్లు, మీటింగ్ రూమ్ వెతకండి. తర్వాత లాస్ట్ అండ్ ఫౌండ్‌లో 'కనబడటం లేదు' అని చెప్పండి, 'ఎవరో తీశారు' అని కాదు. రెండో మాటకి ఆ షిఫ్ట్ మొత్తాన్ని నిలబెట్టి వెతుకుతారు. ఆ తర్వాత మీ సోఫా కింద అవి దొరికితే మాత్రం, దొరికాయని అంతే గట్టిగా చెప్పి రండి.

చిన్న చిన్న లోపాలకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు టికెట్ వేయకుండా నేరుగా చెప్పండి, టిష్యూ అయిపోయిందనో, టేబుల్ జిడ్డుగా ఉందనో. మెచ్చుకోలు మాత్రం నోటితో ఆపకండి, రాయండి. పేరు, ఫ్లోర్, తేదీ, ఏం చేశారో రెండు వాక్యాల్లో రాసి ఫెసిలిటీస్ మేనేజర్‌కి మెయిల్ పంపితే అది వెండర్ దాకా వెళ్తుంది, నెలకో మనిషిని మెచ్చుకునే బోర్డు ఉంటే ఫోటో ఎక్కుతుంది, సైటు మార్చే లిస్టులో ఆ పేరు వెనక్కి పోతుంది. 'అందరూ బాగా చేస్తున్నారు' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

మగవాళ్లకి ఒక మాట. హౌస్‌కీపింగ్‌లో చిన్న వయసు అమ్మాయిలుంటారు, ఫోన్ నంబర్ అడగొద్దు, లిఫ్ట్ ఇస్తాననొద్దు, మాట్లాడితే నలుగురిలో మాట్లాడండి. మీకు ఏ ఉద్దేశమూ లేకపోయినా చెవులు కొరుక్కునేది ఆ అమ్మాయి గురించే. ఇక ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారని ఎవరైనా చెప్పుకుంటే, గోడ మీద ఇంటర్నల్ కమిటీ (లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ) పోస్టర్ చూపించండి. 2013 చట్టం ప్రకారం కాంట్రాక్ట్ మీద పనిచేసే ఆడవాళ్లూ అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. ఆ పోస్టర్‌ని రోజూ తుడిచే మనిషికి అది తనక్కూడా వర్తిస్తుందని ఎవరూ చెప్పి ఉండరు.

లింక్డ్‌ఇన్‌లో ఫోటో పెట్టి 'ఈ రోజు మా సెక్యూరిటీ అన్న నాకు జీవితపాఠం నేర్పాడు' అని రాయడం మానేయండి. డ్యూటీలో కూర్చుని మాట్లాడుతున్న ఫోటో వాళ్ల ఆఫీసర్ చూస్తే ఆయనకి ఏ పాఠం చెబుతారో మీకు తెలియదు. 2022 సెప్టెంబర్‌లో వానలకి ఔటర్ రింగ్ రోడ్ మునిగి మనవాళ్లు ట్రాక్టర్లెక్కినప్పుడు కూడా ఇలాంటి పోస్టులే. మనకి వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంటుంది, గేటుకి ఉండదు. వాన గట్టిగా పడే రోజు తడిసి వచ్చినవాళ్లని చూస్తే పోస్టు రాయడం కంటే 'బట్టలు ఆరేసుకోవడానికి ఒక గది చూపించండి' అని ఫెసిలిటీస్‌కి మెసేజ్ పెట్టడం మేలు.

ఉద్యోగం మారేటప్పుడు చివరి రోజు హడావుడిలో వీళ్లు తప్పిపోతారు. షిఫ్ట్‌లు వేరు కాబట్టి రెండు రోజుల ముందు నుంచే చెప్పుకుంటూ రండి, నైట్ గార్డ్‌ని కలవాలంటే ఒకరోజు ఎనిమిది దాటాక వెళ్లాలి. మెచ్చుకుంటూ రాయాలనుకున్న మెయిల్ ల్యాప్‌టాప్ అప్పగించే ముందే పంపేయండి, మధ్యాహ్నానికి ఐడీ తీసేస్తారు. కార్డు ఇచ్చేశాక లోపలికి రానివ్వరు, రానివ్వమని గేటు దగ్గర అన్నని అడగనూ వద్దు.